ముందుచూపు లేని పిస్టలు

ముక్కంటిలంక పోలీసు స్టేషనుకి ఉన్నది ఒక్కటే పిస్టలు. దానికి ముందుచూపు పోయిన రోజూ, శాఖలో తెలుగు మాసం మొదలైన రోజూ ఒకటే కావడం ఎస్సై దానయ్య చేసుకున్న పాపమో పుణ్యమో ఇప్పుడే చెప్పలేం.

పోవడం మాత్రం చాలా సాదాగా పోయింది. గోదావరి అవతలి గట్టున ఒక గేదెకి ఇద్దరు యజమానులు తేలితే, ఆ తగువు తీర్చి రేవు దాటించే పంటు మీద ఇవతలికి వస్తున్నాడు దానయ్య. దిగబోతుంటే కాలు జారింది. పంటు నడిపే పోతురాజు రెక్క పట్టుకుని ఆపాడు గాని, నడుమునున్న పిస్టలు ఒరలోంచి జారి ఇనప అంచుకి తగిలి అక్కడే పడింది. తీసి చూస్తే, గొట్టం కొసన నిలబడి ఉండవలసిన చిన్న ఇనప ముక్క లేదు. గోదావరి మింగేసింది. మొత్తం పిస్టల్ని మింగకుండా ముక్కతో సరిపెట్టుకుంది కదా అని దానయ్య ఏటికి మనసులో దండం పెట్టుకున్నాడు. ఆయన అలాంటి మనిషి. భార్య పోయాక, పోయినదాన్ని వదిలి మిగిలినదాని వైపు చూడడం ఆయనకి అలవాటైంది.

పిస్టలుతో గురి చూడడానికి ఆధారాలు రెండే. వెనక ఒక గాడి, ముందు ఒక ముక్క. గాడిలోంచి ముక్కని చూస్తూ, ముక్కని లక్ష్యం మీద నిలబెట్టి, ఊపిరి సగం వదిలి, మీటని మెత్తగా వెనక్కి లాగాలి. కొత్తవాళ్ళు లక్ష్యం వంకే కళ్ళప్పగించి చూస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు ముక్కని చూస్తారు. లక్ష్యం మసగ్గా ఉన్నా నష్టం లేదు, ముక్క మాత్రం తేటగా కనిపించాలి. ఈ విద్య దానయ్యకి బాగా వచ్చు. అసలు ముక్కే లేనప్పుడు ఎంత వచ్చినా ఏం లాభం?

ఆ ముక్కని మొన్నమొన్నటిదాకా ఫ్రంటు సైటు అనేవారు. తెలుగు మాసం సందర్భంగా శాఖ వారు ఒక పదకోశం అచ్చు వేయించి స్టేషను స్టేషనుకీ పంపారు. సైటు అనే మాటకు ఇళ్ళ స్థలమనీ, కంటి జబ్బనీ, కుర్రకారు వీధుల్లో చేసే ఒక అసభ్యకార్యమనీ ప్రజల్లో పలు అర్థాలు వ్యాప్తిలో ఉన్నందున, అపార్థాలకు ఎంతమాత్రమూ తావు లేకుండా దానిని 'ముందుచూపు'గా స్థిరపరచడమైనదని అందులో రాశారు. వెనకున్న గాడి 'వెనకచూపు' అయింది. తూటాలు నింపే మ్యాగజీను 'పత్రిక' అయింది. పక్క స్టేషను వాళ్ళు తమకు రెండు పత్రికలు తక్కువయ్యాయని రాసుకుంటే, వ్యవసాయం మీద ఒకటీ వంటల మీద ఒకటీ వచ్చాయి. వంటల పత్రికని ఆ స్టేషనులో చాలా శ్రద్ధగా చదివారని చెప్పుకున్నారు.

దానయ్య పదకోశం ముందు పెట్టుకుని, మాట తప్పకుండా అర్జీ రాశాడు. "మా పిస్టలునకు ముందుచూపు లేదు. వెనకచూపు బాగానే ఉన్నది. వార్షిక కాల్పులు సమీపించుచున్నందున దయతో ఒక ముందుచూపు మంజూరు చేయగలరు."

వార్షిక కాల్పులంటే జనం మీద కాదు. ఏడాదికొకసారి ఎస్సైలందరూ తమ స్టేషను పిస్టలుతోనే మట్టిదిబ్బ ముందున్న బొమ్మని కొట్టాలి. ఇదివరకు కొట్టలేనివాళ్ళని నాలుగు మాటలని పంపేసేవారు. ఈ ఏడు గురి తప్పినవాళ్ళని జిల్లా కేంద్రంలో 'గురి సాధన శిబిరం'లో ఆరు నెలలు ఉంచాలని నిబంధన పెట్టారు. సెలవు లేదు, ఇంటికి పోవడం లేదు.

ఇల్లంటే దానయ్యకి అప్పాయమ్మ. ఆమె ఆయనకి మేనత్త, ఆమె కూతుర్నే చేసుకున్నాడు కాబట్టి అత్తగారు కూడా. కూతురు పోయింది, అత్త మిగిలింది. ఆమెకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేయించాడు గాని చూపు ఇంకా మసకే. పొద్దునా సాయంత్రం తల వెనక్కి వంచి ఆయనే చుక్కలు వెయ్యాలి. ఎవరితో వేయించుకున్నా రెప్ప మూసేస్తుంది. అల్లుడు వేస్తే మాత్రం మూయదు. ఆరు నెలలు ఆయన శిబిరంలో కూర్చుంటే ఆ కన్ను ఏమవుతుందో ఆలోచించడానికి కూడా దానయ్యకి ధైర్యం చాలలేదు.

అర్జీకి జవాబు వెంటనే వచ్చింది. శాఖలో ఏ కాగితానికైనా అంత తొందరగా జవాబు రావడం అదే మొదలు. "తమకు ముందుచూపు లేదని తామే లిఖితపూర్వకంగా అంగీకరించియున్నారు. బాధ్యత గల అధికారికి ముందుచూపు లేకపోవడం, పైగా అది శాఖ మంజూరు చేయవలెనని కోరడం మిక్కిలి శోచనీయం. ఈ లోపమును తమ సర్వీసు పుస్తకంలో నమోదు చేయడమైనది. స్వయముగా హాజరై సంజాయిషీ ఇచ్చుకోవలెను."

దానయ్య పిస్టల్ని తుండుగుడ్డలో చుట్టుకుని జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ నైపుణ్యవికాస ప్రత్యేకాధికారి మార్తాండరావు గారు కొత్తగా వచ్చారు. ఆయన ఇంతకుముందు పని చేసిన చోటల్లా ఏదో ఒక ఉద్యమం నడిపి, అది ఫలించేలోపు బదిలీ అయి వెళ్ళిన మనిషి. దానయ్య గుడ్డ విప్పి, పిస్టల్ని బల్ల మీద పెట్టి, గొట్టం కొస మీద వేలు పెట్టి చూపించాడు.

"ఏంటి చూపిస్తున్నారు?"

"ముందుచూపండి. లేదండి."

"లేదని రాశారుగా. లేనిదాన్ని మళ్ళీ చూపించడమెందుకు?"

"ఆయ్, లేంది నాక్కాదండి. దీనికండి."

మార్తాండరావు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "దానయ్యగారూ, ఇనపముక్కకి చూపుంటుందా? చూపనేది మనిషికుంటుంది. మనిషికి లేనప్పుడు నెపం ఆయుధం మీదికి నెడతాడు. నా సర్వీసులో ఇలాంటివాళ్ళని చాలామందిని చూశాను."

ఇక లాభం లేదని దానయ్య తెగించాడు. గోడ మీద 'ఇచట తెలుగు మాత్రమే' అన్న అట్ట వేలాడుతున్నా, అది ఫ్రంటు సైటండీ అనేశాడు. మార్తాండరావు గారి మొహం మారిపోయింది. సైటా, లంకలోనా, రోడ్డు వైపుదా అని అడిగి, ప్రభుత్వోద్యోగి స్థలం కొనేముందు పై అధికారి అనుమతి తీసుకోవాలన్న సంగతి గుర్తు చేశారు. ఆ పైన ఇంగ్లీషు మాట అన్నందుకు మధ్యాహ్నం దాకా గుమ్మం బయట నిలబడమన్నారు.

దానయ్య నిలబడ్డాడు. ఆఫీసు సూపరింటెండెంటు కనకవల్లి గారు అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, మూడోసారి ఒక స్టూలు తెచ్చి పక్కన పెట్టింది. నిలబడమన్నారు గాని ఆనుకోవద్దనలేదుగా అంది. ఆయన చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న చుక్కల మందు సీసా ఎవరికని అడిగింది. అత్తగారి సంగతి చెబితే, ఎండకి పాడవుతుందని తీసుకెళ్ళి తన బల్ల పక్కనున్న మంచినీళ్ళ కూజా మీద పెట్టి, వెళ్ళేటప్పుడు గుర్తుపెట్టుకుని తిరిగి ఇచ్చింది. సర్వీసు పుస్తకంలో ఆయనకి ముందుచూపు లేదని గుండ్రని అక్షరాలతో రాసింది కూడా ఆవిడే. రాయమంటే రాయాలి కదా అని దానయ్య ఆవిడనేమీ అనుకోలేదు.

మార్తాండరావు గారికి మాత్రం ఆ రోజుతో ఉద్యమం దొరికింది. ఒక్క దానయ్యకే కాదు, జిల్లాలో ఎవరికీ ముందుచూపు లేదని ఆయన గ్రహించారు. ముందుచూపు వారోత్సవాలు మొదలయ్యాయి. ఎస్సైలందర్నీ ఒక పెళ్ళిమండపంలో కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, లక్ష్యాన్ని మనోనేత్రంతో దర్శించమన్నారు. దర్శించినవాళ్ళు చెయ్యెత్తాలి. భోజనాల వేళ దాటుతున్నకొద్దీ ఎత్తిన చేతులు పెరిగాయి. ఒకాయన మాత్రం ఎంతకీ ఎత్తలేదు. ఆయన్ని లోతైన దర్శనంలో ఉన్నవాడిగా మెచ్చుకున్నారు. నిజానికి ఆయన నిద్రపోతున్నాడు.

ముగింపు సభలో ప్రత్యేకాధికారి గారు తమ సిద్ధాంతాన్ని ప్రకటించారు. పిస్టలు మీద ఇనపముక్క ఉన్నంతకాలం అధికారి దాన్నే నమ్ముకుంటాడు. కర్ర ఉన్నంతకాలం కుంటివాడు కుంటుతూనే ఉంటాడు. అంతర్గత ముందుచూపు మేలుకోవాలంటే యాంత్రిక ముందుచూపుని తొలగించాలి. అదీగాక ఒక్క ముక్కంటిలంక పిస్టలుకి లేకుండా తక్కినవాటికి ఉండడం సమానత్వానికి విరుద్ధం. "కాబట్టి లేనివాళ్ళకి ఇవ్వడం కన్నా, ఉన్నవాళ్ళ దగ్గర తీసెయ్యడమే న్యాయం," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కవాళ్ళు చూస్తున్నారని దానయ్య కూడా కొట్టాడు.

ఆయుధాగారం వాళ్ళు జిల్లాలోని పిస్టళ్ళన్నిటికీ ముందు ముక్కలు ఊడదీసి, గోనెసంచిలో పోసి, మూతి కుట్టి, లక్క ముద్ర వేశారు. ఆ సంచిలోంచి ఒక్క ముక్క ఇప్పించమని దానయ్య అడగబోయాడు. తొలగించిన ముందుచూపుని తిరిగి ఇచ్చే అధికారం తమకి లేదన్నారు. ముక్క దొరుకుతుందన్న ఆఖరి ఆశ కూడా అలా సంచిలోకి పోయింది.

అసలు పరీక్షకి ముందు నమూనా కాల్పులు జరిగాయి. మొదటి ఎస్సై తూటా దిబ్బ పక్కనున్న కొబ్బరిచెట్టు నుంచి రెండు బొండాలు దింపింది. రెండో ఆయన తూటాకి మైకు చచ్చిపోయింది. పొద్దున్నుంచీ ఆ మైకులో ప్రసంగాలు వింటున్న చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఆయన పేరేంటని అడిగి తెలుసుకున్నారు. తరవాత కాల్చిన దానయ్య తూటా ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ఎవరికీ తగలనందుకు ఆయన సంతోషించాడు గాని, బొమ్మకీ తగల్లేదు. మార్తాండరావు గారు దెబ్బతిన్న మైకు పక్కన నిలబడి, ఇవి తొలి దశలో సహజమైన దృష్టిదోషాలు అన్నారు.

ఆ సాయంత్రం దానయ్య ఇంటికి వచ్చేసరికి అప్పాయమ్మ వసారాలో వామనగుంటల పీట ముందేసుకుని ఒక్కర్తే ఆడుకుంటోంది. రెండు వైపులా తనే ఆడుతుంది. గుంటల్లో గింజల్ని వేళ్ళతో తడిమి పంచుతుంది. ఎవరు గెలిచారని అడిగితే మీ ఆవిడే అంటుంది. ఆయన చుక్కలు వేశాడు. మందు లోపలికి దిగేదాకా తల వెనక్కి వాల్చి కూర్చోవాలి. ఆ కాస్సేపట్లో ఆయన సంగతంతా చెప్పాడు. శిబిరం మాట దాచాలనుకున్నాడు గాని, దాచడం ఆయనకి చేతకాదు.

"అంటే, ముందో గింజుంటే చాలంటావు," అంది అప్పాయమ్మ.

"గింజ కాదత్తా, ముక్క."

"ముక్కయినా గింజయినా కళ్ళకి ఆనాలి. అంతేనా?"

"అంతే."

ఆమె పీట మీద తడిమి ఒక గింజ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఎర్రగా నిగనిగలాడుతూ, ఓ పక్క నల్లమచ్చ ఉన్న గురిగింజ. మసక కళ్ళకి కూడా ఆ ఎరుపు తెలుస్తుందిరా, అందుకే ఇవి పెట్టుకుని ఆడతాను అంది. "నలుపు అవతలికి పెట్టు, ఎరుపు నీ వైపుండాలి. దాని నలుపు దానికెలాగూ తెలీదు."

ఊళ్ళో కంసాలి బ్రహ్మాజీ లక్క కరిగించి, గొట్టం కొసన ఖాళీ గాడిలో గింజని కూర్చి, అడుగున కొంచెం అరగదీసి ఎత్తు సరిచేశాడు. దానయ్య చెయ్యి చాచి చూశాడు. వెనక గాడిలోంచి ఎర్రగింజ సూర్యోదయంలాగా నిలబడింది. పాత ఇనప ముక్క ఎప్పుడూ అంత తేటగా కనబడలేదు. ఆయనకి చత్వారం వచ్చి చాలాకాలమైంది. నల్ల ముక్క నల్ల గొట్టంలో కలిసిపోతుంటే ఇన్నేళ్ళూ అలవాటు మీద నెట్టుకొచ్చాడని అప్పుడు తెలిసింది.

వార్షిక కాల్పుల రోజున కొబ్బరిచెట్ల కింద ఎవరూ నిలబడలేదు. మైకు పెట్టలేదు. ఎస్సైలు ఒక్కొక్కరే వచ్చి, కళ్ళు మూసుకుని లక్ష్యాన్ని దర్శించి, కళ్ళు తెరిచి దిబ్బని కాల్చారు. కొందరికి దిబ్బ కూడా దొరకలేదు. దానయ్య వంతు వచ్చింది. ఆయన బొమ్మని చూడలేదు. శిబిరాన్ని తలచుకోలేదు. గింజని చూశాడు. గింజ తేటగా ఉంది, దాని వెనక బొమ్మ మసగ్గా ఉంది, ఇంట్లో అత్తకి లోకమంతా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. ఊపిరి సగం వదిలి మీట లాగాడు. వరసగా అన్ని తూటాలూ నడిబొమ్మలో, అరచెయ్యి కప్పేంత చోటులో దిగాయి.

మార్తాండరావు గారు పరుగెత్తుకొచ్చి ఆయన్ని కౌగలించుకున్నారు. వారోత్సవాల ఫలితం కళ్ళముందుందన్నారు. ఒక్కరికి వచ్చిందంటే అందరికీ వచ్చే వీలుందని రుజువైంది గనుక అందరూ ఉత్తీర్ణులైనట్టే ప్రకటించి, శిబిరాన్ని రద్దు చేశారు. ఎస్సైలు దానయ్య చేతులు పట్టుకుని ఊపారు. అంతలో ప్రత్యేకాధికారి గారి చూపు పిస్టలు మీద పడింది.

"ఈ ఎర్రగా ఉన్నదేంటి?"

ఇంగ్లీషులో చెబితే ఏమవుతుందో దానయ్యకి అనుభవమే. "గురిగింజండి," అన్నాడు.

మార్తాండరావు గారు ఆ మాటని నోట్లో వేసుకుని కాసేపు చప్పరించారు. గురి. గింజ. పేరులోనే ఉందన్నారు. మన పూర్వులకి ముందుచూపు ఎంత ఉందో చూశారా అన్నారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ప్రతి స్టేషను ప్రహరీకీ గురివింద తీగ పాకించవలెను. తీగ ఎదుగుదలను వారం వారం నివేదించవలెను. గింజ కాసేలోపు నేరాలు జరిగినచో సిబ్బంది ఓర్పు వహించవలెను. ఊడదీసిన ఇనప ముక్కల సంచిని మాత్రం ఎవరూ విప్పలేదు.

ఆ ఉత్తర్వులోనే చివరి పేరాలో దానయ్య కొంప ముంచే మాట ఉంది. జిల్లా కేంద్రంలో నెలకొల్పబోతున్న ముందుచూపు వికాస కేంద్రానికి ఆయన్ని అధిపతిగా నియమించారు. బస అక్కడే. సెలవు మాట ఎక్కడా లేదు. గురి తప్పితే ఆరు నెలలయ్యేది, తగిలినందుకు గడువే లేకుండా పోయింది.

దానయ్య మళ్ళీ జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. నాకొద్దండీ అని చెప్పడానికి నోరు రాలేదు. గౌరవాన్ని వద్దనే తెలుగు మాట పదకోశంలో లేదు. నియామక పత్రం మీద సంతకం చెయ్యబోతూ మార్తాండరావు గారు కలం పైకెత్తారు. అప్పుడు పక్కన నిలబడ్డ కనకవల్లి గారు దానయ్య చొక్కా జేబు వంక, అందులోని సీసా వంక చూసి, సర్వీసు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది.

"వీరికి ముందుచూపు లేదని ఇందులో ఉందండి. లేనివారిని ముందుచూపు కేంద్రానికి వెయ్యకూడదేమోనండి."

"కొట్టెయ్యండి," అన్నారాయన.

"కొట్టెయ్యాలంటే ఇప్పుడు వచ్చిందని మనం ధ్రువీకరించాలండి. వస్తే ఎప్పుడొచ్చింది, ఎవరు మంజూరు చేశారు, మంజూరు లేకుండా ఎలా వచ్చిందని లెక్కల తనిఖీ వాళ్ళు అడుగుతారండి. అసలు లేదని రాయించింది కూడా తమరేనండి."

మార్తాండరావు గారు కలం దించారు. చాలాసేపు పుస్తకం వంక చూసి, దానయ్య వైపు తిరిగి, సూటిగా అడిగారు. "నిజం చెప్పండి. మీకు ముందుచూపు ఉందా, లేదా?"

దానయ్య కనకవల్లి గారి వంక చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని భయం.

"ఆయ్, లేదండి. మొదట్నించీ అదే మనవి చేసుకుంటున్నానండి."

కేంద్రానికి వేరే ఆయన్ని వేశారు. పెళ్ళిమండపంలో నిద్రపోయిన ఆయన్నే వేశారని, ఆయనకి అది బాగా సరిపోయిందని తరవాత తెలిసింది. మార్తాండరావు గారు తీగలు పూత పూసేలోపు బదిలీ అయ్యారు.

వానలు మొదలయ్యాక స్టేషనుకి ఒక పార్సిలు వచ్చింది. సెంట్రీ వీరాస్వామి తాడు తెంపాడు. లోపల కాగితం. "తాము కోరిన ముందుచూపు ఒకటి ఇందుతో పంపడమైనది. అందినట్లు తెలియజేయవలెను." కాగితం కింద దూదిలో చుట్టిన కళ్ళజోడు ఉంది.

వీరాస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వెనకచూపు కూడా అడిగుంటే ఏం పంపేవారోనండి," అన్నాడు.

దానయ్య పెట్టుకుని చూశాడు. కళ్ళు తిరిగాయి. అద్దాలు బాగా మందం. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి, చుక్కలు వేశాక, అప్పాయమ్మ ముక్కు మీద పెట్టాడు. ఆమె మొదట తన చేతుల్ని చూసుకుంది. వామనగుంటల పీట చూసింది, గుంటల్లో ఎర్రగింజల్ని వేలితో కాకుండా కళ్ళతో తడిమింది. తరవాత దగ్గరకి రమ్మని, ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"ఒరే, ఇంత ముసలాడివైపోయావేంట్రా," అంది.

"నువ్వు చూసి చాన్నాళ్ళయింది కదత్తా."

ఆమె కళ్ళజోడు తియ్యలేదు. గింజలు పంచి, ఈసారి రెండో వైపు ఆయన్ని కూర్చోమంది. ఓడిపోయి లేచాక దానయ్య దీపం దగ్గర కూర్చుని శాఖకి జవాబు రాశాడు. "తమరు దయతో పంపిన ముందుచూపు చేరినది. ఇంట్లో చక్కగా కనబడుచున్నది. నాకు మాత్రం ఇంకనూ లేదు."